మొకాసిన్లు కొనేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హ్యూస్టన్‌లో మొకాసిన్లు, అంటే అమెరికా మూలవాసుల మెత్తటి తోలు పాదరక్షలు, కొనుక్కోవాలని ఉందని రాశావు. తోళ్ల పనిలోనే వయసంతా గడిపినవాణ్ని, ఈ విషయంలో నా మాట కాస్త విను.

దుకాణంలో రాసిన పేరు చూసి కొనకు. ముందువైపు మడతల కుట్టున్న ప్రతి మెత్తటి బూటునూ ఇప్పుడు మొకాసిన్ అనే అమ్ముతున్నారు. అసలు ఆ మాట ఆ మూలవాసుల అల్గాంక్వియన్ భాషలది. వాళ్లలో ఒజిబ్వే తెగవాళ్లు 'మకిజిన్' అంటారు, పాదరక్ష అని అర్థం. మీ టెక్సాస్ చెరువుల దగ్గర ఎవరైనా 'మొకాసిన్' అని అరిస్తే మాత్రం వెంటనే వెనక్కి తగ్గు. వాటర్ మొకాసిన్ విషసర్పం.

నడిచే నేలను బట్టి మొకాసిన్ అడుగుభాగం చూసుకో. అమెరికా తూర్పు అడవుల్లోని తెగలు ఒకే తోలును పాదం చుట్టూ పైకి మడిచి కుట్టేవారు, అడుగు కూడా మెత్తనే. ముళ్లూ రాళ్లూ ఉండే మైదానాల వాళ్లు పచ్చితోలుతో గట్టి అడుగు వేరుగా వేసేవారు. ఇంట్లోకైతే మొదటిది చాలు. సిమెంటు దారిలో అది త్వరగా అరిగిపోతుంది.

పొగ వాసన వస్తోందని వెనక్కి ఇవ్వకు, సబ్బుతో కడగకు. పాత పద్ధతిలో జింక తోలును గీకి, జంతువు మెదడు పట్టించి, ఆరేదాకా లాగుతూ పిసికి, చివరికి పొగ పెడతారు. మెదడులోని కొవ్వు తోలు పోగులను ఒకదానికొకటి అతుక్కోనివ్వదు. పొగ పట్టిన తోలు తడిసి ఆరినా మెత్తగానే ఉంటుంది. పొగ పెట్టనిది అట్టలా బిగుసుకుపోతుంది. మనవైపు తంగేడు బెరడుతో తోళ్లు పదును చేయడం చూస్తూ పెరిగిన నాకు, బెరడు రసమే లేకుండా వాళ్లు తెచ్చే ఆ మెత్తదనం ఇప్పటికీ అబ్బురమే.

ఎవరు కుట్టారు, ఏ తెగవారు అని మొహమాటపడకుండా అడుగు. మూలవాసులు చేయని వస్తువును వాళ్లు చేసినదని అమ్మడం 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం నేరం. జవాబు చెప్పలేని చోట కొనకు. చెప్పగలిగిన చోట ధర ఎక్కువే ఉంటుంది, బేరమాడకు. పూసల పనికి ఎన్ని గంటలు పడతాయో దగ్గరగా చూస్తే నీకే తెలుస్తుంది.

మీ ఊరి తేమకు బూజు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ సంచిలో దాచకు, నూలు గుడ్డలో చుట్టు. తడిస్తే ఎండలోనో హీటరు దగ్గరో పెట్టకుండా నీడన ఆరబెట్టు. కుట్టించుకునేటట్టయితే కాగితం మీద నిలబడి, బరువంతా మోపి, రెండు పాదాలూ గీసి పంపు. తోలు వాడేకొద్దీ సాగుతుంది, కొత్తలో కాస్త బిగుతుగా ఉన్నా పెద్ద కొలత అడగకు.

మీ మామయ్య