సంతకం చేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

భద్రాచలం ఏజెన్సీలోని మీ కోయ మహిళా సంఘం ఒక విశ్వవిద్యాలయంతో కలిసి వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ మీద పరిశోధన చేయబోతోందని చదివి ఎంతో సంతోషించాను. అయితే ఒప్పందం మీద సంతకం చేసే ముందు, ఊళ్లలో కూర్చుని ఇది ఎవరు అడిగిన ప్రశ్నో తేల్చుకో. మన పొరుగున మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు కూడా మొదట సికిల్ సెల్ మీదే పనిచేశారు; అది ఊరివాళ్లు అడిగినది కాదని గ్రహించాక, వాళ్ల బాధలేమిటో వాళ్లనే అడగడం మొదలుపెట్టారు. తర్వాత 39 ఊళ్లలో కొద్దిపాటి చదువున్న ఆడవాళ్లే పసిబిడ్డలను తూచి, లెక్కలు రాసి, ఇన్ఫెక్షన్ సోకితే ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ సేవ లేని 47 ఊళ్లతో పోలిస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాబట్టి మీ సంఘం అమ్మాయిలను రక్తం సేకరించడానికే పరిమితం కానివ్వకు. రిజిస్టరు రాయడం, లెక్క సరిచూడడం, పోల్చడం వాళ్లు నేర్చుకోవాలి, అందుకు జీతం బడ్జెట్‌లోనే ఉండాలి.

సమ్మతి విషయంలో తొందర వద్దు. 2009లో మీ ప్రాంతంలోనే హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకా ప్రాజెక్టులో ఎందరో హాస్టల్ బాలికల పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. నువ్వు పత్రాన్ని ఊరివాళ్లకు కోయ భాషలో వినిపించి, మర్నాడు మళ్లీ వెళ్లి, ఏమర్థమైందో వాళ్ల నోటనే చెప్పించుకో. సికిల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిన పిల్లకు మామూలుగా జబ్బు ఉండదు, కానీ ఆ మాట బయటికి పొక్కితే పెళ్లి సంబంధం తప్పిపోవచ్చు. అందుకే పేర్లు ఒకచోట, ఫలితాలు వేరొకచోట తాళం వేసి దాచండి.

నమూనాలు ఎక్కడ ఉంటాయో, ఇంకెందుకు వాడకూడదో, ఎప్పుడు నాశనం చేస్తారో ఒప్పందంలో రాయించు. అమెరికాలోని అరిజోనాలో హవసుపాయి అనే ఆదివాసీ తెగవారు 1990 నుంచి చక్కెర వ్యాధి పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని వేరే పరిశోధనలకూ వాడితే, మిగిలిన నమూనాలు వాళ్ల చేతికి తిరిగి రావడానికి 2010 దాకా పట్టింది.

నేను పనిచేసిన ఒక అధ్యయనంలో ఫలితాలను ఊరికి తిరిగి చెప్పలేదు. మూడేళ్ల తర్వాత ఒక ముసలమ్మ, "నా నెత్తురు ఏం చెప్పింది తల్లీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఫలితాలు చెప్పే సభకు తేదీ, ఖర్చు ఇప్పుడే ఒప్పందంలో పెట్టించి, ముసాయిదా నాకు పంపు. వరుస వరుసా చదివి పంపుతాను.