బరువు తగ్గాలనుకునే ఫ్రెండ్‌కి ఎలా సాయపడాలి?

బెంగళూరులో మీ గదిలోనే ఉండే ఫ్రెండ్ బరువు తగ్గాలనుకుంటున్నాడు, తోడుగా ఏం చేయాలని అడిగారు. ముందు ఒక మాట: లావయ్యావని రోజూ గుర్తు చేయకండి. ఆ సంగతి అతనికి మనకంటే బాగా తెలుసు.

మనవాళ్లకు అసలు చిక్కు అన్నం దగ్గరే. ఆంధ్రా మెస్‌లో ఆకు వేయగానే ముద్దపప్పు, కందిపొడి, పైన నెయ్యి. ఆ తర్వాత సాంబారు, రసం, పెరుగు. ప్రతిదానికీ మళ్లీ అన్నం వడ్డిస్తారు. కడుపు నిండిందని తెలిసేలోపే మూడు నాలుగు సార్లు అయిపోతుంది. మెస్ మానక్కర్లేదు. ఇద్దరూ కూర, పప్పు ఎక్కువ వేయించుకుని, అన్నం ఒక్కసారితో ఆపండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లే ఉండాలంటుంది. మీరు పక్కన కూర్చుని బిర్యానీ తింటూ అతన్ని మాత్రం కీరా తినమనడం అన్యాయం.

నడక సంగతికొస్తే, వారానికి కనీసం 150 నిమిషాలు, చురుకైన నడకలాంటి ఓ మోస్తరు వ్యాయామం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. పొద్దున్నే కబ్బన్ పార్క్‌కో లాల్‌బాగ్‌కో కలిసి వెళ్లండి. అట్నుంచి అటే వెన్న దోశకి మాత్రం వద్దు. వారానికి అర కిలో తగ్గినా మంచి వేగమే, తొందరపెట్టకండి. షుగర్‌కో బీపీకో మందులు వాడుతుంటే మాత్రం తిండి మార్చేముందే డాక్టర్‌ని కలవమనండి, తోడుగా మీరూ వెళ్లండి.