సైప్రస్‌ను కారులో చూడదలచినవారికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఏప్రిల్‌లో మేమిద్దరం వాళ్ల దగ్గరికి వెళుతున్నాం. అక్కడి నుంచి అందరం కలిసి అయిదు రోజుల కోసం సైప్రస్ వెళ్లి, కారు అద్దెకు తీసుకుని దీవి మొత్తం చుట్టి రావాలని మా అబ్బాయి అంటున్నాడు. మాకు అరవై దాటాయి, మనవరాలికి నాలుగేళ్లు. రోజుకో హోటలు మారడం మాకు కష్టం. ఈ ప్రయాణం సాధ్యమేనా? ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?
– ఎస్.ఎల్., కాకినాడ

సమాధానం: ప్రయాణం నిక్షేపంగా సాధ్యమే. కాని దీవిని చుట్టి రావాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. సైప్రస్ వైశాల్యం 9,251 చదరపు కిలోమీటర్లు, అంటే మీ ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా కంటే కొంచెం చిన్నది. అందువల్ల పటం చూసిన ఎవరికైనా అయిదు రోజులు చాలుననే అనిపిస్తుంది. అయితే 1974 నుంచి ఈ దీవి రెండు ముక్కలై ఉంది. ఉత్తర భాగంలో టర్కీ సైన్యం ఉంది, మధ్యలో ఐక్యరాజ్య సమితి శాంతి దళం కాపలా కాసే తటస్థ మండలం ఉంది, దక్షిణాన అద్దెకు తీసుకున్న కారు బీమా ఆ గీత దాటితే పనిచేయదు. ఇది ఒక కారణం. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది: సైప్రస్‌కే ప్రత్యేకమైన సంపద తీరం వెంట లేదు, దీవి నడుమ ఉన్న త్రోడోస్ కొండల్లో ఉంది. తీరం చుట్టూ తిరగాలని బయలుదేరినవారు ఆ కొండలకు ఒక్క పూట కేటాయించి, కారు కిటికీలోంచి చూసి దిగిపోతుంటారు. ఆ తప్పు మీరు చేయవద్దు.

అయిదు రోజులంటే మీ చేతిలో ఉన్నవి నాలుగు రాత్రులు. రెండు రాత్రులు కొండల్లోని కకోపెట్రియా గ్రామంలోను, రెండు రాత్రులు పశ్చిమ తీరంలోని పాఫోస్ పట్టణంలోను ఉండండి. హోటలు ఒక్కసారి మారితే సరిపోతుంది. లార్నకా, పాఫోస్ రెండుచోట్లా విమానాశ్రయాలున్నాయి కనుక ఒకచోట దిగి మరోచోట ఎక్కగలిగితే వెనక్కి రావడానికయ్యే 130 కిలోమీటర్ల ప్రయాణం తప్పుతుంది. కారును వేరే ఊళ్లో అప్పగించినందుకు అద్దె సంస్థ కొంత అదనంగా అడగవచ్చు. అడిగినా ఇవ్వడమే మేలు.

లార్నకాలో దిగిన రోజున విమానాశ్రయం పక్కనే ఉన్న ఉప్పు సరస్సును, దాని ఒడ్డున ఖర్జూర చెట్ల మధ్య ఉన్న హాలా సుల్తాన్ టెక్కే మసీదును చూసి, నికోసియా మీదుగా కకోపెట్రియా చేరుకోండి. దారి నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. సరస్సులో రాజహంసలు శీతాకాలంలో దిగుతాయి కాబట్టి ఏప్రిల్‌లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

రెండో రోజు మొత్తం చిత్రాల చర్చిలకే ఇవ్వండి. త్రోడోస్ ప్రాంతంలోని తొమ్మిది చర్చిలను యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 2001లో పదోది కలిసింది. అన్నీ చూడనక్కర లేదు. నికితారి గ్రామం దగ్గరి అసీను చర్చి, కకోపెట్రియాకు దగ్గరలోనే ఉన్న సెయింట్ నికోలస్ చర్చి, ఈ రెండూ నిదానంగా చూస్తే చాలు. అసీను చర్చిని బయటి నుంచి చూస్తే గడ్డివాము దాచుకునే కొట్టమేమో అనిపిస్తుంది. మొరటు రాతి గోడలు, మంచు నిలవకుండా జారిపోయేందుకు బాగా వాలుగా వేసిన పెంకుల కప్పు తప్ప మరే ఆడంబరమూ ఉండదు. తలవంచి లోపలికి వెళ్లి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఒక్క నిమిషం నిలబడండి. గోడలు, కమానులు, పైకప్పు, ఎక్కడా జానెడు ఖాళీ లేకుండా బొమ్మలే. వాటిలో అన్నిటికంటే పాతవి 1105–06 నాటివి. ముందు మండపంలో తుది తీర్పు దృశ్యాలున్నాయి, పాపులు అనుభవించే శిక్షలు ఒక్కొక్కటీ విడివిడిగా గీసి ఉన్నాయి. లేపాక్షి మండపంలో మెడ పైకెత్తి గంటసేపు నిలబడ్డవారికి ఈ చోటు విలువ వేరే చెప్పనక్కర లేదు. అయితే ఈ చర్చిలు అన్ని వేళలా తెరిచి ఉండవు, కొన్నిటి తాళాలు ఊళ్లోని సంరక్షకుల దగ్గర ఉంటాయి, మధ్యాహ్నం మూసేవీ ఉన్నాయి. ముందురోజు సాయంత్రమే మీ హోటలు వారి చేత ఫోను చేయించి వేళలు కనుక్కోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, లోపల ఫొటోలు తీయనివ్వరు.

మూడో రోజు త్రోడోస్ శిఖర ప్రాంతం మీదుగా దిగండి. అక్కడి ఒలింపస్ శిఖరం ఎత్తు 1,952 మీటర్లు కనుక, కింద ఎండ కాస్తున్నా పైన చలిగా ఉంటుంది, స్వెటర్లు చేతికందేలా పెట్టుకోండి. ఒమోడోస్ గ్రామంలో రాళ్లు పరిచిన వీధుల్లో కాసేపు నడిచి, భోంచేసి, కూరియన్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న ప్రాచీన రంగశాలను చూసి సాయంత్రానికి పాఫోస్ చేరవచ్చు. ఈ చివరి భాగంలో మాత్రం ఏ6 మోటారు రహదారి ఎక్కవద్దు, పాత బి6 రోడ్డు పట్టండి. గ్రీకు ప్రేమదేవత ఆఫ్రొడైటీ సముద్రంలోంచి పుట్టిందని చెప్పే పెట్రా తూ రోమియూ రాళ్లు ఆ రోడ్డు పక్కనే ఉన్నాయి. కారు నిలిపే చోటు నుంచి తీరానికి వెళ్లడానికి రోడ్డు కింద సొరంగ మార్గం ఉంది, పాపను చెయ్యి పట్టుకుని దానిలోంచే తీసుకెళ్లండి. తీరమంతా గులకరాళ్లు, అలల లాగుడు ఎక్కువ. స్నానానికి అనువైన చోటు కాదు.

నాలుగో రోజు పాఫోస్‌లోని మొజాయిక్‌లకు ఉదయాన్నే వెళ్లండి. 1962లో అనుకోకుండా బయటపడిన రోమన్ కాలపు భవనం నేల మీద రంగురాళ్లు పేర్చి చేసిన పురాణ దృశ్యాలు అవి. ఆ ప్రాంగణంలో నీడ తక్కువ, నడక ఎక్కువ కనుక ఎండెక్కక ముందే ముగించుకోవాలి. మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని సాయంత్రం రేవు దగ్గర కూర్చోండి. వదిలేయవలసినవి అడిగారు కనుక చెబుతున్నాను: ఆయా నాపా తీరం, మెట్లెక్కవలసిన ఖిరోకిటియా నవీన శిలాయుగపు గ్రామం, మట్టిరోడ్ల అకామాస్ ద్వీపకల్పం, ఈ మూడూ మీ కుటుంబానికి ఈసారి వద్దు.

రెండు జాగ్రత్తలున్నాయి. సైప్రస్ 2004 నుంచి ఐరోపా సమాఖ్యలో ఉన్నా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంజెన్ ప్రాంతంలో చేరే ప్రక్రియ వేరుగా సాగుతోంది. జర్మనీ నుంచి వెళ్లి మళ్లీ జర్మనీకే రావాలంటే ఒక్కసారి ప్రవేశానికే పనికివచ్చే షెంజెన్ వీసా చాలదు. దరఖాస్తులోనే బహుళ ప్రవేశ వీసా అడగండి, సైప్రస్ హైకమిషన్ వారి తాజా నిబంధనలు చూసుకున్నాకే టికెట్లు కొనండి. రెండోది, అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవుల ఈస్టర్ మీ అబ్బాయి కేలెండరులోని ఈస్టర్‌కు వేరే తేదీన రావచ్చు. ఆ సెలవుల్లో దుకాణాలు, పురాతన స్థలాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ తేదీ చూసి ప్రయాణం పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇప్పటివరకు మన దేశంలో తప్ప కారు నడపలేదు. సైప్రస్‌లో ధైర్యంగా నడపవచ్చా? బస్సులు, రైళ్లతో సరిపెట్టుకోవడం మంచిదా?
– కె.ఆర్., విజయవాడ

సమాధానం: మధ్యధరా దీవుల్లో మనవారు మొదటిసారి నడపడానికి సైప్రస్‌కు మించినది లేదు. 1960 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్నందువల్ల అక్కడ ఇప్పటికీ ఎడమవైపే నడుపుతారు, స్టీరింగు మన కార్లలో లాగే కుడివైపున ఉంటుంది. రైళ్ల సంగతికి వస్తే, 1905లో మొదలైన రైలుమార్గాన్ని 1951లోనే మూసేశారు. పట్టణాల మధ్య బస్సులు బాగానే ఉన్నా, కొండల్లోని చర్చిలను బస్సుల మీద ఆధారపడి చూడడం కుదరని పని.

బయలుదేరే ముందు ఆర్టీఓ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, అసలు లైసెన్సుతో పాటు వెంట ఉంచుకోండి. మోటారు రహదారుల మీద టోలు లేదు. గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, కనిష్ఠ వేగం 65. మనకు అలవాటు లేనిది ఈ రెండో అంకె. రౌండబౌట్ల దగ్గర కుడివైపు నుంచి వచ్చే బండిని ముందు పోనివ్వాలి, అక్కడ ఆ నియమాన్ని నిజంగానే పాటిస్తారు. హారను కొట్టి దారి చేసుకునే మన పద్ధతిని ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. అద్దె కార్లకు ఎర్ర నంబరు ప్లేట్లుంటాయి కనుక మీరు కొత్తవారని ఎదుటివారికి తెలిసిపోతుంది.

బీమా కాగితాన్ని సంతకం పెట్టే ముందు చదవండి. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం మామూలు బీమా కిందికి రాకపోవడం సర్వసాధారణం. మట్టిరోడ్డు మీద దెబ్బతింటే ఖర్చంతా మీదే. కారు తీసుకునేటప్పుడు, అప్పగించేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి. పూచీకత్తు సొమ్మును ఆపి ఉంచడానికి డ్రైవరు పేరు మీదే క్రెడిట్ కార్డు అడుగుతారు. పిల్లలుంటే చైల్డ్ సీటును బుకింగు సమయంలోనే చెప్పండి. కొండ ఎక్కే ముందు ట్యాంకు నింపుకోవాలి. రాత్రిపూట చాలా బంకుల్లో మనుషులుండరు, యంత్రంలో నోటు పెట్టి మనమే పోసుకోవాలి. కొండ దారిలో కిలోమీటర్లను బట్టి సమయం లెక్క కట్టవద్దు. ఘాట్ రోడ్డు మలుపుల్లో 40 కిలోమీటర్లకు గంటకు పైనే పట్టవచ్చు, చీకటి పడకముందే బసకు చేరేలా చూసుకోండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. గుడ్డు కూడా ముట్టం. రోడ్డు మీద తిరిగేటప్పుడు తిండికి ఇబ్బంది పడతామా?
– పి.వి.ఎస్., హనుమకొండ

సమాధానం: అడగడం తెలిస్తే ఇబ్బంది ఉండదు. ఈస్టర్‌కు ముందు సుమారు ఏడు వారాల పాటు ఆర్థడాక్స్ క్రైస్తవులు ఉపవాస నియమం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు లేని వంటకాలు చాలా హోటళ్లలో దొరుకుతాయి. వాటిని ‘నిస్తీసిమా’ అంటారు, ఆ మాట గుర్తుపెట్టుకుంటే మీ పని సగం అయినట్టే. అయితే ఆ ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ వంటివి నిషిద్ధం కావు. కనుక ‘సముద్రంలో దొరికేవి కూడా వద్దు’ అని విడిగా చెప్పాలి.

ఆకుకూరతో ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి ఇచ్చే బొబ్బర్లను అక్కడ లువీ అంటారు. మన నోటికి అది వెంటనే పడుతుంది. టొమాటోతో వండిన బెండకాయ ఉంటుంది. మన చామదుంపే అక్కడ కొలొకాసీ. కాని దాన్ని పంది మాంసంతో వండడం మామూలు కాబట్టి అడక్కుండా తినవద్దు. పేరున్న హలూమి జున్నును కొందరు పశువుల పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో తోడుపెడతారు. నియమం గట్టిగా ఉన్నవారు ఆ సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. వంటగది ఉన్న బస తీసుకుని, కుక్కరు, పచ్చళ్లు వెంట పెట్టుకుంటే రాత్రి భోజనం గురించి ఆలోచించనక్కర లేదు.

ప్రశ్న: నికోసియాలో సరిహద్దు దాటి ఉత్తర సైప్రస్ కూడా చూడవచ్చా?
– డి.ఎం., హైదరాబాదు

సమాధానం: చూడదలిస్తే కారును దక్షిణ భాగంలోనే నిలిపి కాలినడకన వెళ్లండి. పాత నగరం నడుమ ఉన్న లెడ్రా వీధి దారిని 2008లో తెరిచారు. పాస్‌పోర్టు చూపించి దాటాలి. ఉత్తర భాగాన్ని టర్కీ తప్ప మరే దేశమూ గుర్తించలేదు, మన హైకమిషన్ దక్షిణ నికోసియాలో ఉంది. అందువల్ల అక్కడ ఏ చిక్కు వచ్చినా సాయం అందడం ఆలస్యమవుతుంది. ఉత్తరాన ఉన్న విమానాశ్రయంలోనో రేవులోనో దిగడాన్ని సైప్రస్ ప్రభుత్వం అక్రమ ప్రవేశంగా చూస్తుంది కాబట్టి టికెట్టు చౌకగా వచ్చినా ఆ దారిన వెళ్లవద్దు.

ఆ గీతతో మన దేశానికీ సంబంధం ఉంది. ఐక్యరాజ్య సమితి శాంతి దళానికి కమాండరుగా ఉన్న జనరల్ కె.ఎస్. తిమ్మయ్య 1965 డిసెంబరులో సైప్రస్‌లోనే కన్నుమూశారు. మరుసటి ఏడు ఆ దేశం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది, లార్నకాలో ఒక రహదారికి ఆయన పేరు పెట్టింది. తటస్థ మండలం పక్కన నడిచేటప్పుడు సైనికులను గాని, వారి కాపలా గదులను గాని ఫొటో తీయవద్దు. పాస్‌పోర్టును బసలో వదిలిపెట్టి వెళ్లవద్దు.