చీరలు అప్పుగా పంపాను, డబ్బులు రాలేదు: 1930కి ఫోన్ చేయవచ్చా?

ప్రశ్న: మాది మంగళగిరి. నేత చీరలు వాట్సాప్‌లో అమ్ముతుంటాను. కాకినాడలో రీసెల్లింగ్ చేసే ఒకావిడ నన్ను సొంత అక్కలా చూసేది. మా గృహప్రవేశానికి కూడా వచ్చింది. ఆ నమ్మకంతో 2023 జూన్ 12 నుంచి సెప్టెంబరు 21 వరకు ఐదు పార్సిళ్లలో రూ.2,84,500 విలువైన చీరలు అప్పుగా పంపాను. కట్టడానికి గడువేమీ అనుకోలేదు, బిల్లులూ రాయలేదు. 2023 డిసెంబరులో 30,000, 2024 మార్చిలో 18,500 ఫోన్‌పే చేసింది. తర్వాత నా నంబరు బ్లాక్ చేసింది. మెసేజ్‌లున్న పాత ఫోన్ పాడై డ్రాయర్‌లో ఉంది, కొన్ని స్క్రీన్‌షాట్లు మాత్రం ఉన్నాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. 1930కి ఫోన్ చేసి ఆన్‌లైన్ మోసం అని చెబితే ఆమె ఖాతా ఫ్రీజ్ అవుతుందని, దెబ్బకి దిగివస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. చేయమంటారా?

జవాబు: చేయవద్దు. 1930 అనేది ఖాతాలోంచి డబ్బు కొట్టేసినప్పుడు ఫోన్ చేయాల్సిన నంబరు. మీ ఖాతా నుంచి ఆమె ఖాతాకి ఒక్క రూపాయి కూడా పోలేదు. ఆమె దగ్గర్నుంచే మీకు 48,500 వచ్చింది. ఫిర్యాదు చేస్తే పోలీసులు ముందు చూసేది ఈ లావాదేవీలే. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217, 248 సెక్షన్ల కింద కేసు మీ మీదికే తిరుగుతుంది. సరుకు అమ్మితే డబ్బు రాకపోవడం దానంతట అది నేరం కాదు. గుర్రాల దాణా సరఫరా చేసిన వ్యాపారికి బిల్లు సొమ్ము రాని కేసులో (ఢిల్లీ రేస్ క్లబ్ కేసు, 2024) సుప్రీంకోర్టు క్రిమినల్ కేసు చెల్లదని చెప్పింది. కొనేటప్పుడే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపగలగాలి. కొంత డబ్బు కట్టిన మనిషి విషయంలో అది చాలా కష్టం. ఆమె ఫొటో గ్రూపుల్లో పెట్టి 'మోసగత్తె' అని రాసే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పరువు నష్టం కేసు వేసే అవకాశం ఆమెకు మీరే ఇచ్చినట్టవుతుంది.

ఆమె మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో కోర్టుకి అక్కర్లేదు. మీ కేసు నిలబడేదీ పడిపోయేదీ దావా వేసే గడువు మీద. అప్పు గడువు మాట్లాడుకోకుండా అమ్మిన సరుకు డబ్బు కోసం, సరుకు డెలివరీ అయిన రోజు నుంచి 3 ఏళ్లలో దావా వేయాలి. కొరియర్ చేతికిచ్చిన రోజే డెలివరీ అయినట్టు లెక్కేసుకోండి, సేఫ్. అప్పు ఖాతా నడుస్తోంది కదా, చివరి పార్సిల్ నుంచి లెక్క వస్తుందిలే అనుకోవద్దు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉన్న ఖాతాకే ఆ సౌకర్యం. మీది ఒకవైపు అమ్మకం. ఏ పార్సిల్ గడువు ఆ పార్సిల్‌దే.

అలాగైతే మొదటి పార్సిల్ గడువు 2026 జూన్ 12తో పోతుంది. కానీ మీరు గమనించని మంచి విషయం ఒకటి ఉంది. ఆమె కట్టిన డబ్బు ఏ పార్సిల్‌దో చెప్పకపోతే, దాన్ని ఏ బాకీకి జమ కట్టుకోవాలో నిర్ణయించే హక్కు మీది (కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 60). మొదటి పార్సిల్ విలువ 48,500 లోపే ఉంటే ఆ డబ్బు ముందు దానికే జమ రాసేయండి. మిగిలింది రెండో దానికి వెళ్తుంది. అప్పుడు చూసుకోవాల్సింది రెండో పార్సిల్ తేదీ. మీ దగ్గరున్న కొరియర్ రసీదు తీసి, దానికి 3 ఏళ్లు నిండే తేదీ ఇవాళే క్యాలెండర్ మీద రాసుకోండి.

ఆమె మధ్యలో డబ్బు కట్టింది కాబట్టి గడువు కొత్తగా మొదలైందని ఎవరైనా చెబితే ఆ మాట మీద కూర్చోకండి. పూర్వం ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకునేవారు. ఎందుకంటే కట్టినట్టు కట్టినవాళ్ల చేతిరాతో, సంతకమో ఉంటేనే గడువు పెరుగుతుంది. ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మెసేజ్ ఆ సంతకంతో సమానమా అన్నది వాదనకు తావున్న విషయం. వాదన మీద 2,36,000 పందెం కాయకూడదు. లాయర్ నోటీసు ఇచ్చినా, లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టినా గడువు ఆగదు. దావా వేస్తేనే ఆగుతుంది.

ఇప్పుడు సాక్ష్యం. ఇక్కడ మిమ్మల్ని కోప్పడక తప్పదు. రూ.2,84,500 సరుకు పంపి ఒక్క బిల్లు రాయలేదు. మెసేజ్‌లన్నీ ఉన్న ఫోన్‌ని డ్రాయర్‌లో పడేశారు. రేపు ఆమె కోర్టులో 'అమ్మిపెట్టమని ఇచ్చారు, అమ్ముడుపోలేదు, వెనక్కి ఇచ్చేస్తాను' అంటే ఏం చూపిస్తారు? నిజాం బార్డర్ చీర ఫొటో పెట్టి రేటు చెబితే, 'ఈ రేటుకి పది పంపండక్కా' అని ఆమె ఇచ్చిన జవాబు మీ కేసుకి ప్రాణం. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటీ చాలదు. ఎలక్ట్రానిక్ రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫోన్‌పే డబ్బులు మీవారి ఖాతాకి వచ్చి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని ఆయన్ని సాక్షిగా పెట్టండి.

పది రోజుల్లో స్పీడ్ పోస్టులో (రిజిస్టర్డ్ పోస్టు 2025లో ఇందులోనే కలిసిపోయింది), అందినట్టు రుజువు వచ్చేలా నోటీసు పంపండి. ఏ పార్సిల్ ఎంత, ఏది దేనికి జమ కట్టారో అందులో రాయండి. దిగివచ్చి రాజీకొస్తే నోటిమాట వద్దు, రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో ప్రామిసరీ నోటు రాయించుకోండి. దానికి కొత్తగా 3 ఏళ్లు వస్తాయి. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే, బ్యాంకు ఆ సంగతి చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లో ఆమెకు నోటీసు ఇవ్వాలి. రాజీకి రాకపోతే దావా. ఆర్డర్ తీసుకున్నది, సరుకు పంపింది, డబ్బు అందాల్సింది మీ ఊళ్లో కాబట్టి కాకినాడ పరుగెత్తకుండా మీ పరిధి కోర్టులోనే వేయవచ్చు. ఖర్చుకి భయపడకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

అన్నిటికంటే ముందు రేపు పొద్దున్నే ఆ పాత ఫోన్ రిపేరుకి తీసుకెళ్లండి. డేటా చెరిపేయవద్దని, ఫార్మాట్ చేయవద్దని షాపులో ముందే చెప్పి, పని అయ్యేవరకు పక్కనే కూర్చోండి.