ఇంటి పన్ను అందరికీ సగం చేయమని అడగకండి

సొంతింట్లో ఉండేవాళ్లందరికీ ఇంటి పన్ను సగానికి తగ్గించమని మీ కాలనీ తరఫున అర్జీ పెడుతున్నామన్నారు. దానివల్ల విశాఖ కార్పొరేషన్‌కి నిజంగా అంత నష్టమా అని అడిగారు. నష్టమేనండి. అలాగని పన్ను తగ్గించొద్దని నేను అనడం లేదు. ఎవరికి తగ్గించాలో, ఆ లోటు ఎవరు పూడ్చాలో రాయకుండా అర్జీ పెడితే, అవసరం ఉన్నవాళ్లకి దక్కేది చాలా తక్కువ. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

అల్లిపురంలో మాది పాత డాబా ఇల్లు. నాన్న ఏటా ఏప్రిల్ మొదటి వారంలోనే కార్పొరేషన్ పన్నులు కట్టించుకునే సౌకర్యం కేంద్రానికి వెళ్లి ఏడాది పన్ను ఒకేసారి కట్టేసేవారు. ఏప్రిల్ 30 లోపు మొత్తం కడితే 5 శాతం తగ్గుతుంది కదా. రసీదులన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో రబ్బరు బ్యాండు వేసి దాచేవారు. ఒక్కోదాని వెనక ఎంత మిగిలిందో పెన్సిల్‌తో రాసి ఉండేది. ఆయన పోయాక ఆ సంగతే మాకెవరికీ గుర్తు రాలేదు. రెండు అర్ధ సంవత్సరాల పన్ను ఉండిపోయింది, దాని మీద నెలకి 2 శాతం వడ్డీ. అమ్మకి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్ ఒక్కటే. నోటీసు వచ్చిన రోజు అన్నం కూడా తినలేదు. "ఇల్లు జప్తు చేసేస్తారేట్రా?" అని రాత్రి మూడుసార్లు లేచి అడిగింది. వడ్డీతో సహా కట్టేశాం కానీ, ఆ టెన్షన్ ఆవిడకి చాలా రోజులు వదల్లేదు.

ఈలోగా పన్ను లెక్క మారింది. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మున్సిపల్ చట్టాలు సవరించి, ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న లెక్క బదులు ఆస్తి మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం కలిపిన ధర మీద పన్ను వేసే పద్ధతి తెచ్చింది. అంటే అమ్మ ఒక్క గది కూడా కట్టకపోయినా, ఆ ప్రాంతంలో స్థలాల ధరలు పెరిగితే పన్ను కూడా ఎక్కుతుంది. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు, అది కొంత నయమే. అయినా లెక్క వేసి చూడండి: 2,000 కట్టేవాళ్లకి ఏటా 15 శాతం పెరిగితే మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, ఐదో ఏటికి 4,000 దాటుతుంది. పెన్షన్ అలా పెరగదు. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకైతే ఏడాదికి 50 రూపాయలే, కానీ అమ్మ ఇల్లు దానికన్నా పెద్దది.

ఇప్పుడు మీరు అడిగే సగం చూద్దాం. 2,000 కట్టే ఆవిడకి వెయ్యి మిగులుతుంది. బీచ్ రోడ్డులో 40,000 కట్టే ఫ్లాటు యజమానికి ఇరవై వేలు మిగులుతుంది. అద్దెకుండేవాళ్లకి రూపాయి రాదు.

మా వీధి వెనక గెడ్డ, అంటే వాన నీళ్లు పోయే పెద్ద కాలువ ఉంది. వానాకాలానికి ముందు పొక్లెయిన్ వచ్చి పూడిక తీస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి డొక్కలు, పాత పరుపులు అన్నీ నల్లటి బురదతో కలిసి బయటికి వస్తాయి. ఆ కుప్ప గట్టు మీద ఆరాక లారీలో ఎత్తుతారు. ఎత్తడం ఆలస్యమై ఈలోగా పెద్ద వాన పడితే సగం మళ్లీ గెడ్డలోకే జారుతుంది. ఒక ఏడాది అలాగే జరిగింది. నీళ్లు ముందు వచ్చింది మా మేడ మీదికి కాదు, కింది పోర్షన్లో అద్దెకున్న కుటుంబం వంటింట్లోకి. ఆ లారీకి, ఆ కూలికి ఖర్చు పెట్టేది మనం కట్టే పన్నే.

కార్పొరేషన్ తనంతట తాను వసూలు చేసుకోగలిగే వాటిలో ఇంటి పన్ను పెద్ద దిక్కు. జీఎస్టీ అయితే కేంద్రానికి, రాష్ట్రానికి పోతుంది. మన ఊళ్లో నేవీ, రైల్వే స్థలాలు ఎన్నున్నాయో మీకూ తెలుసు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తులకి ఈ పన్ను వర్తించదు, వాటి మీద సేవా రుసుము మాత్రమే వస్తుంది. పైగా 2026 మార్చి దాకా ఇచ్చే గ్రాంట్లకి, కేంద్రం నిధుల పంపకం తేల్చే 15వ ఆర్థిక సంఘం ఒక షరతు పెట్టింది: పన్నుకి కనీస రేట్లు ప్రకటించాలి, వసూళ్లు రాష్ట్ర ఉత్పత్తి పెరిగే వేగంతో పెరగాలి. అలాంటి షరతు ఉన్నప్పుడు సగం చేస్తే ఇక్కడా దెబ్బే.

చెత్త పన్ను సంగతి గుర్తుందిగా. 2021లో పెట్టి 2024 చివర్లో తీసేశారు. నెలకి 120 మిగిలిందని మా ఇంట్లో అందరం సంతోషించాం. కానీ చెత్త బండికి డీజిల్, పని చేసేవాళ్లకి జీతం ఆగవు కదా, అవి ఇంకో పద్దులోంచి రావాల్సిందే.

మా పెదనాన్నగారి అబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటాడు. అక్కడ 1978లో ప్రొపోజిషన్ 13 అని ఓటింగు పెట్టి, పన్ను 1 శాతానికి, దాని లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకుండా కట్టేశారు. ఆస్తి పన్ను ఆదాయం ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయి, స్థానిక సంస్థలు రాష్ట్రం చేతి వైపు చూడాల్సి వచ్చింది. వాడి ఇంటి లాంటి పక్కింటికే, ఎప్పుడో కొన్నారు, లెక్క ఆ పాత విలువ మీదే కాబట్టి, పన్ను మూడో వంతట.

నాకు బాగా మండేది వడ్డీ మాఫీ. 2025 మార్చిలో బకాయిల మీద వడ్డీ సగం మాఫీ చేశారు. మా వైపు ఏళ్ల తరబడి కట్టని ఒక షాపింగ్ కాంప్లెక్స్ యజమానికి దాంతో బాగా కలిసొచ్చింది. అప్పటికే పూర్తి వడ్డీ కట్టిన అమ్మకి ఏమీ రాలేదు.

అందుకే అర్జీలో ఇలా రాయండి: ఒకే ఇల్లు ఉండి, అందులోనే ఉంటూ, పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లకి, భర్త పోయిన ఆడవాళ్లకి ఏటా పెంపు 15 కాకుండా 5 శాతం దాటకూడదు. మిగతా పెంపు ఇల్లు అమ్మినప్పుడో, వారసుల పేరు మీదికి మారినప్పుడో వసూలు చేసుకోవచ్చు. అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం పెద్దవాళ్ల పన్ను ఇలాగే వాయిదా వేస్తుంది. అప్పటిదాకా రాష్ట్రమే వాళ్ల తరఫున స్థానిక సంస్థకి కడుతుంది. ఆ చివరి మాట మాత్రం మీ అర్జీలో తప్పకుండా ఉండాలి. కాపీ ఒక్క కమిషనర్‌గారికే ఇస్తే సరిపోదు, చట్టం మార్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వం కాబట్టి మున్సిపల్ శాఖకి, మీ ఎమ్మెల్యేకి కూడా ఇవ్వండి. మీ కాలనీలో అలాంటి ఇళ్లు ఎన్నున్నాయో లెక్క తీసి, వాళ్ల చివరి మూడేళ్ల బిల్లుల జిరాక్సులు జత చేయండి.