డేటా లీక్ సెటిల్‌మెంట్: క్లెయిమ్ ఫారం నింపాలా?

ప్రశ్న: కొన్నేళ్లు అమెరికాలో ఉద్యోగం చేసి ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. అక్కడి ఒక కంపెనీ నుంచి నా వివరాలు లీకయ్యాయని, క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫున వేసే ఒకే దావా) సెటిల్‌మెంట్‌లో క్లెయిమ్ చేసుకోమని మెయిల్ వచ్చింది. దీనివల్ల మాకు ఒరిగేదేమైనా ఉందా? ఇక్కడ ఇలాంటి కేసు వేయవచ్చా?

జవాబు: ముందు ఆ మెయిల్‌లోని లింకు నొక్కకండి. ఇలాంటి మెయిళ్ల పేరుతో మోసాలూ జరుగుతున్నాయి. సెటిల్‌మెంట్ అధికారిక సైట్ మీరే వెతికి చూసుకోండి. నిజమైనదే అయితే గడువులోపు ఫారం నింపండి. ఊరుకుంటే డబ్బు రాదు సరికదా, విడిగా దావా వేసే హక్కు కూడా సాధారణంగా పోతుంది. ఆ హక్కు కావాలంటే గడువులోగా ‘ఆప్ట్ అవుట్’ చేయాలి, అంటే ఈ సెటిల్‌మెంట్‌లో నేను లేనని రాసి తెలపాలి.

ఇక ఒరిగేది ఎంతంటే, జనం అప్పుల చరిత్ర లెక్కగట్టే అమెరికా కంపెనీ ఈక్విఫ్యాక్స్ కేసు చూడండి. 2017లో దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. 2019లో 70 కోట్ల డాలర్ల దాకా సెటిల్‌మెంట్ అన్నారు. క్రెడిట్ మానిటరింగ్ (మన పేరుతో ఎవరైనా అప్పు తీసుకుంటున్నారేమో కనిపెట్టే సేవ) వద్దంటే 125 డాలర్లు ఇస్తామనేసరికి జనం ఎగబడ్డారు. ఆ పద్దు కింద పెట్టింది 3.1 కోట్ల డాలర్లే. అది రెండున్నర లక్షల మందికి కూడా చాలదు. చివరికి చాలామందికి చేతికొచ్చింది కొద్ది డాలర్లే.

అయితే అందులోనే, నష్టపోయినట్టు కాగితాలు చూపిస్తే 20,000 డాలర్ల దాకా అడిగే వీలుండేది. బ్యాంకులకు ఫోన్లు చేస్తూ పోగొట్టుకున్న సమయానికి గంటకు 25 డాలర్లు కట్టారు. కాబట్టి స్టేట్‌మెంట్లు, మెయిళ్లు, తేదీలు ఇప్పుడే ఒకచోట చేర్చుకోండి. భద్రత కోసం ఆ కంపెనీ కనీసం 100 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టాలన్న షరతు కూడా పెట్టారు. నా దృష్టిలో వినియోగదారుడికి నిజంగా పనికొచ్చింది అదే.

ఇక్కడి సంగతి. ఒకే రకం నష్టం జరిగిన అందరి తరఫున కేసు వేయడానికి 2019 వినియోగదారుల చట్టం సెక్షన్ 35(1)(సి) ఉంది, వినియోగదారుల కమిషన్ అనుమతి కావాలి. అందరి ప్రయోజనమూ ఒకటేనని ఫిర్యాదులో స్పష్టంగా చూపాలని బెంగళూరు అపార్ట్‌మెంట్ కేసులోనే 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీ అజాగ్రత్త వల్ల వివరాలు లీకైతే ఐటీ చట్టం సెక్షన్ 43ఎ కింద రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు 5 కోట్ల రూపాయల దాకా పరిహారం అడగవచ్చు.

నాకు బాధ కలిగించేది 2023 డేటా చట్టం (వ్యక్తిగత డిజిటల్ వివరాల రక్షణ చట్టం). జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వేయవచ్చు, కానీ అదంతా ప్రభుత్వ ఖజానాకే. నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. పైగా ఆ చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే 43ఎ పోతుంది. ఇక్కడి కంపెనీ వల్ల మీకు నష్టం జరిగి ఉంటే ఆ సెక్షన్ ఉండగానే ఫిర్యాదు వేయండి. వినియోగదారుల కమిషన్‌కైతే గడువు రెండేళ్లు.