కంపెనీల పేర్లతో డొమైన్లు కొని వాటికే అమ్మడం వృత్తి కాగలదా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. నడుస్తున్న వ్యాపారాల పేర్లతో ఖాళీగా ఉన్న డొమైన్లను కొని, ఆ వ్యాపారాలకే ఈమెయిల్ రాసి ఎక్కువ ధరకు అమ్మజూపుతున్నాడు. ఉద్యోగం వెతకనని, ఇదే తన వృత్తి అని అంటున్నాడు. చట్టపరంగా చిక్కులు ఉంటాయా?

జవాబు: డొమైన్ పేర్ల క్రయవిక్రయం చట్టబద్ధమైన వ్యాపారమే. సాధారణ పదాలను, పొట్టి పేర్లను ముందుగా కొని పెట్టుకొని మార్కెట్‌లో అమ్ముకొనేవారు చాలామంది ఉన్నారు. మీ అబ్బాయి ఎంచుకున్న పద్ధతి మాత్రం అందులోకెల్లా ప్రమాదకరమైనది. ఈ వివాదాలన్నింటిలోనూ మొదట అడిగేది, ఆ పేరును ఎవరిని మనసులో పెట్టుకొని కొన్నారని. దానికి జవాబును అతను తన చేతులతోనే రాసి పంపుతున్నాడు.

డాట్ కామ్ వంటి పేరు కొన్నవారు రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) ఒప్పందానికి సమ్మతించినప్పుడే, తమకు తెలిసినంతవరకు ఆ పేరు ఇతరుల హక్కులకు భంగం కలిగించదని హామీ ఇచ్చినట్లు, వివాదం వస్తే ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానానికి కట్టుబడినట్లు లెక్క. ఆ విధానం కింద ఫిర్యాదు చేసినవారు మూడు విషయాలు రుజువు చేయాలి. డొమైన్ తమ ట్రేడ్‌మార్క్‌లాగే గానీ తికమకపెట్టేంత దగ్గరగా గానీ ఉండాలి. కొన్నవారికి ఆ పేరుపై న్యాయమైన హక్కు లేకుండాలి. దాన్ని దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతూ ఉండాలి. దురుద్దేశానికి నిబంధనల్లో ఇచ్చిన మొట్టమొదటి ఉదాహరణే, ట్రేడ్‌మార్క్ యజమానికి లేదా అతని పోటీదారుకు, అయిన ఖర్చుకు మించిన ధరకు అమ్మాలన్న ప్రధానోద్దేశంతో పేరు కొనడం. మీ అబ్బాయి ఈమెయిల్ చేతిలో ఉంటే అవతలి న్యాయవాది వేరే ఆధారం కోసం పెద్దగా వెతకనక్కరలేదు.

ఈ విధానం కింద 2000 జనవరిలో వచ్చిన తొలి నిర్ణయం అచ్చం ఇలాంటిదే. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుతో డాట్ కామ్ కొన్న ఒక వ్యక్తి, మూడు రోజులకే దాన్ని 1,000 డాలర్లకు అమ్ముతానని ఆ సంస్థకే రాశాడు. అతను వెబ్‌సైట్ ఏదీ పెట్టలేదు. అయినా అమ్మజూపడమే వాడకం కిందికి వస్తుందని తేల్చి, పేరును సంస్థకు బదిలీ చేయమన్నారు. అవతలివారే ముందుగా ధర చెప్పినా జాగ్రత్త అవసరమే. 2003లో కెనడాకు చెందిన 17 ఏళ్ల విద్యార్థి మైక్ రో తన సొంత పేరుకు ‘సాఫ్ట్’ చేర్చి డొమైన్ తీసుకుంటే, పలకడానికి అది తమ పేరులాగే ఉందని మైక్రోసాఫ్ట్ అభ్యంతరపెట్టింది. వారు 10 డాలర్లు ఇస్తామంటే అతను 10,000 అడిగాడు. అలా అడగడాన్నే కంపెనీ దురుద్దేశానికి రుజువుగా చూపింది. జనం సానుభూతి అతని వైపే ఉన్నా, చివరకు రాజీలో పేరు వదులుకున్నాడు.

యూడీఆర్‌పీలో నష్టపరిహారం ఉండదు, పేరు బదిలీ అవుతుంది లేదా రద్దవుతుంది. పోతే పేరే కదా అన్న ధీమా ఇక్కడి నుంచే పుడుతుంది గానీ, కోర్టుల దారి వేరుగా ఉంటుంది. అమెరికా 1999లో తెచ్చిన సైబర్ స్క్వాటింగ్ (ఇతరుల ట్రేడ్‌మార్క్‌లతో దురుద్దేశంగా డొమైన్లు కొనడం) నిరోధక చట్టం ప్రకారం ఒక్కో పేరుకు 1,000 నుంచి 1,00,000 డాలర్ల వరకు పరిహారం విధించవచ్చు. కొన్నవారు ఆ దేశంలో లేకపోయినా, డాట్ కామ్ పేర్ల మూల జాబితాను నిర్వహించే రిజిస్ట్రీ అక్కడే ఉన్నందున నేరుగా ఆ పేరుపైనే దావా వేసే వీలుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాలేదు కదా అన్న వాదన కూడా ప్రతిచోటా నిలవదు. చాలా దేశాల్లో వాడకం వల్ల వచ్చిన పేరుప్రతిష్ఠలకూ రక్షణ ఉంది.

కొత్తవారు గమనించని చిక్కులు ఇంకా ఉన్నాయి. పాత డొమైన్‌ను మరొకరి దగ్గర కొంటే, అది మొదట పుట్టిన తేదీ కాక మీరు కొన్న తేదీనే దురుద్దేశాన్ని తేల్చడానికి సాధారణంగా లెక్కలోకి తీసుకుంటారు. పార్కింగ్ పేజీలో (వాడని డొమైన్‌లో ప్రకటనలతో కనిపించే పేజీ) పోటీ కంపెనీల ప్రకటనలు వాటంతటవే వచ్చినా బాధ్యత పేరు కొన్నవారిదే. ఇక “మీరు కొనకపోతే మీ పోటీదారుకు అమ్ముతాను” అన్న వాక్యం ఒక్కటి చాలు, కేసు సగం ఓడినట్లే.

ప్రతిసారీ కంపెనీలే గెలుస్తాయని కాదు. ట్రేడ్‌మార్క్ పుట్టకముందే కొన్న పేరు, నిఘంటువులోని మామూలు పదాన్ని దాని అసలు అర్థంతోనే వాడుకొనే పేరు చాలాసార్లు నిలబడ్డాయి. కాబట్టి మీ అబ్బాయికి ఈ రంగంపై నిజమైన ఆసక్తి ఉంటే అటువైపు మళ్లమనండి. ప్రతి పేరునూ కొనే ముందు ట్రేడ్‌మార్క్ డేటాబేసుల్లో వెతకాలి. దాన్ని ఎందుకు కొన్నాడో ఆ రోజే రాసి ఉంచుకోవాలి. ఒక కంపెనీకి గురిపెట్టి ఈమెయిల్ పంపకుండా, ధర చూపి బహిరంగ మార్కెట్‌లో ఉంచాలి. ఆదాయం నిలకడగా ఉండదు కనుక దీన్ని ఉద్యోగంతోపాటు చేసుకొనే పనిగా చూడటమే మేలని నా అభిప్రాయం. పెద్ద కంపెనీల బ్రాండ్ రక్షణ విభాగాల్లో, ట్రేడ్‌మార్క్ న్యాయ కార్యాలయాల్లో, కొనుగోలుదారుల తరఫున బేరం నడిపే బ్రోకర్ సంస్థల్లో ఈ ఆసక్తికే జీతం దొరుకుతుంది.

ఇప్పటికే కొన్న కంపెనీల పేర్ల విషయంలో ఈమెయిళ్లు వెంటనే ఆపించండి, గడువు తీరితే ఆ పేర్లను పునరుద్ధరించవద్దని చెప్పండి. యూడీఆర్‌పీ ఫిర్యాదు అందితే జవాబుకు 20 రోజులే గడువు ఉంటుంది. సొంతంగా బదులు రాయకుండా, పాత ఈమెయిళ్లు ఏవీ తొలగించకుండా, వాటన్నింటితో న్యాయవాదిని కలవమనండి.